విమానం మోసుకెళ్లే వాహనాలకు వైబ్రేషన్ టెస్ట్ లెవెల్స్: ఫ్లైట్ డేటా నుంచి ఎలా తీస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైబ్రేషన్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. కొత్తగా చేరిన ఇంజనీర్లు, డిజైన్ వైపు నుంచి వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. వీటన్నిటి వెనకా నేను పట్టుబట్టే మాట ఒకటుంది. సెన్సర్ చెప్పేది అది అతికించి ఉన్న చోట, ఆ రోజు, ఆ వేగంలో ఏం జరిగిందనే. టెస్ట్ లెవెల్, అంటే పరికరాన్ని నేల మీద ఎంత తీవ్రంగా ఊపి పరీక్షించాలో చెప్పే అంకె, మాత్రం మనం కొలవని చోట్లకి, ఇంకా ఎగరని ఫ్లైట్లకి కూడా వర్తించాలి. ఆ రెండిటి మధ్య దూరాన్ని ఎలా దాటామన్నదే అసలు పని.

విమానం మోసుకెళ్లే వాహనం అంటే ఏది?

సొంతంగా నేల మీద నుంచి లేవకుండా, ఇంకో విమానం రెక్క కిందో, పొట్ట కిందో, వీపు మీదో కూర్చుని పైకి వెళ్లేది. ఎక్స్-15 రాకెట్ విమానం 1959 నుంచి 1968 వరకు 199 సార్లు ఎగిరింది. ప్రతిసారీ బి-52 బాంబర్ కుడి రెక్క కింద వేలాడుతూ పైకి వెళ్లి, సుమారు 45,000 అడుగుల దగ్గర విడిపోయింది. పెగాసస్ రాకెట్ 1990లో మొదట బి-52 నుంచి, తర్వాత ఎల్-1011 విమానం పొట్ట కింద నుంచి వెళ్లింది. స్పేస్ షటిల్ ఎంటర్‌ప్రైజ్ 1977లో బోయింగ్ 747 వీపు మీద ఎక్కింది.

వాహనం విమానానికి తగిలించి ఉన్నంతసేపూ దాన్ని క్యాప్టివ్ ఫ్లైట్ అంటాం. ఇక్కడ రాసేదంతా ఎక్కువగా ఆ దశ గురించే.

రాకెట్ మీద వెళ్లే పరికరాలకు టెస్ట్ చేస్తూనే ఉన్నాం కదా, దీనికి తేడా ఏముంది?

సమయం. రాకెట్ మీద తీవ్రమైన వైబ్రేషన్ కొన్ని పదుల సెకన్లే ఉంటుంది. అందుకే నాసా స్టాండర్డ్ 7001లో క్వాలిఫికేషన్ టెస్ట్ (డిజైన్ తట్టుకుంటుందని నిరూపించేది) ఒక్కో అక్షానికి 2 నిమిషాలు అంటే సరిపోతుంది. క్యాప్టివ్ ఫ్లైట్‌లో ఒక్కసారి పైకి వెళ్తే గంటా, రెండు గంటలు కుదుపు ఉంటుంది. లెవెల్ తక్కువే కావచ్చు, కానీ గంటల తరబడి ఊగే బ్రాకెట్‌కి అలసట వస్తుంది.

దీనికి తోడు చాలామంది లెక్కలో మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. వాతావరణం బాగోకో, ఏదో ఒక వాల్వ్ సరిగా పనిచేయకో వాహనాన్ని వదలకుండానే వెనక్కి తెచ్చే రోజులుంటాయి. ఫ్లైట్ల పట్టికలో ఆ రోజు సున్నా. బ్రాకెట్‌కి మాత్రం అది పూర్తి రోజే. ఫ్లైట్ల సంఖ్య చూసి టెస్ట్ సమయం నిర్ణయిస్తే ఈ గంటలన్నీ జారిపోతాయి. ముందు రిహార్సల్ ఫ్లైట్లు, వెనక్కి తెచ్చే ఫ్లైట్లు, విమానాన్ని ఇంకో బేస్‌కి తీసుకెళ్లే ప్రయాణాలు అన్నీ కూడండి.

ఈ వైబ్రేషన్ ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు దారుల్లో. మొదటిది విమానం నుంచి పైలాన్ (వాహనాన్ని విమానానికి తగిలించే ఆధారం) ద్వారా, హుక్కుల ద్వారా పాకి వచ్చేది: రెక్క ఊగడం, రన్‌వే గతుకులు, ఇంజన్లు. ఇది ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. రెండోది వాహనం ఒంటి మీద నేరుగా కొట్టే గాలి అల్లకల్లోలం. ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో దీనిదే పైచేయి. టేకాఫ్ సమయంలో ఇంజన్ల హోరు రన్‌వేకి తగిలి తిరిగొచ్చి కొద్దిసేపు దీనికి తోడవుతుంది.

ఏ ఫ్రీక్వెన్సీలో ఏ దారి ఎక్కువో తెలిస్తేనే తర్వాత చేసే లెక్కలకి అర్థం ఉంటుంది. గాలి వల్ల వచ్చేది వేగంతో మారుతుంది. రన్‌వే గతుకు వల్ల వచ్చేది అలా మారదు.

స్టాండర్డ్‌లో లెవెల్స్ ఉన్నప్పుడు ఫ్లైట్ డేటా దేనికి?

డిజైన్ మొదలైన రోజు మీ దగ్గర ఫ్లైట్ డేటా ఉండదు కాబట్టి స్టాండర్డ్ నుంచే మొదలుపెట్టాలి. అందులో తప్పేమీ లేదు. మిల్-స్టాండర్డ్-810లో వైబ్రేషన్‌కి సంబంధించిన 514వ పద్ధతిలో, విమానం కింద వేలాడే వాటికి విడిగా ఒక ప్రొసీజరే ఉంది. అయితే ఆ స్టాండర్డే కొలిచిన డేటా ఉంటే దాన్ని వాడమని గట్టిగా చెబుతుంది. దాంట్లోని అంకెలు ఎన్నో రకాల విమానాలని, వేలాడే వస్తువులని కలిపి కట్టిన అంచనాలు. మీ వాహనం ఆకారం, మీ పైలాన్ బిగువు వాటికి తెలియవు.

అంచనా ఎక్కువైతే మంచి పరికరం షేకర్ (పరికరాన్ని ఊపే టెస్ట్ యంత్రం) మీద విరుగుతుంది. దాన్ని బలపరచడానికి బరువు పెంచుతారు, నెలలు పోతాయి. తక్కువైతే లోపం గాల్లో బయటపడుతుంది. ఈ రెండు తప్పులూ ఖరీదైనవే, కానీ రెండోదాన్ని వెనక్కి తీసుకోలేం.

సెన్సర్లు ఎక్కడ పెట్టాలి?

పరికరం మీద కాదు, పరికరం కూర్చునే చోట. బోల్ట్ కాలు పక్కనే, బలమైన లోహం మీద. ఎందుకంటే షేకర్ టేబుల్ మీద మనం తిరిగి సృష్టించేది ఆ చోటి కదలికనే.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. ఒక బ్యాటరీ పెట్టె దగ్గర ఛానల్ చుట్టుపక్కల వాటికన్నా 8 డీబీ (డెసిబెల్స్; 3 డీబీ అంటే పీఎస్‌డీ అనే కొలత రెట్టింపు) ఎక్కువ చూపిస్తోంది. ఆ అంకెతో టెస్ట్ లెవెల్ రాస్తే బ్యాటరీ పాస్ కాదు. అందరికీ టెన్షన్. హ్యాంగర్‌లోకి వెళ్లి చూస్తే సెన్సర్ బోల్ట్‌కి మూడు వేళ్ల దూరంలో, పలచటి రేకు మీద అతికించి ఉంది. దాని పక్కన వేలిగోటితో కొడితే రేకు టింగుమంది. బోల్ట్ కాలు మీద కొడితే టక్కుమని ఆగిపోయింది. మేం కొలిచింది బ్యాటరీకి అందే కదలికని కాదు, రేకు పాటని. తర్వాతి ఫ్లైట్‌కి సెన్సర్‌ని బోల్ట్ కాలు మీదకి మార్చాం. అప్పటినుంచి ప్రతి సెన్సర్‌నీ దగ్గర నుంచి ఫొటో తీసి డేటాతో పాటే భద్రపరచమని అడుగుతాను.

సెన్సర్లు తక్కువైతే వాహనాన్ని జోన్లుగా విడగొట్టండి: ముక్కు, మధ్య భాగం, పైలాన్ తగిలే చోటు, తోక. ఒక్కో జోన్‌లో కనీసం మూడు చోట్ల కొలవండి. అందంగా అన్ని చోట్లా ఒక్కొక్కటి పరిచేకన్నా ముఖ్యమైన జోన్లలో గుంపుగా పెట్టడం మేలు. ఒక్క కొలత ఉన్న జోన్‌లో తేడా ఎంతో మీకు ఎప్పటికీ తెలియదు.

డేటా రాగానే మొదట ఏం చేయాలి?

స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కుదుపుందో చూపే గీత, అప్పుడే గీయకండి. ముందు సమయం వెంట ఉన్న సిగ్నల్‌ని కళ్లతో చూడండి. ఇంజన్లు స్టార్ట్ కాకముందు ముక్కకీ, క్రూజ్‌లో ముక్కకీ తేడా ఉందా? లేకపోతే ఆ ఛానల్ తన సొంత రొదనే చూపిస్తోంది. శిఖరాలు కత్తెరతో కోసినట్టు ఒకే ఎత్తులో ఆగిపోతున్నాయా? రేంజ్ చాల్లేదన్నమాట. పైకీ కిందకీ ఊగాల్సింది ఒక పక్కకే దూకుతోందా? కేబుల్ వదులైంది, లేదా కనెక్టర్ ఆడుతోంది.

తర్వాత స్పెక్ట్రమ్ గీసినప్పుడు, 20 హెర్ట్జ్ దిగువన గీత పిల్లల జారుడుబల్లలా పైనుంచి కిందకి జారుతూ కనిపిస్తే అనుమానించండి. యాక్సెలరేషన్‌ని ఇంటిగ్రేట్ చేసి వేగం చూడండి. సున్నా చుట్టూ ఊగకుండా ఒకవైపు పాకుతూ పోతుంటే ఆ డేటా పనికిరాదు. ఫిల్టర్ పెట్టి శుభ్రం చేశాం అంటారు కొందరు. చెడిన సిగ్నల్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీలని కోసేసినంత మాత్రాన పై ఫ్రీక్వెన్సీలు బాగుపడవు. నేనైతే ఆ ఛానల్‌ని వదిలేసి, వదిలేశానని రిపోర్ట్‌లో రాస్తాను.

స్పెక్ట్రమ్‌కి ఎంత నిడివి డేటా కావాలి?

పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీ, అంటే పీఎస్‌డీ, ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర కుదుపు బలాన్ని చెప్పే ఒక సగటు. 5 హెర్ట్జ్ రెజల్యూషన్ కావాలంటే 0.2 సెకన్ల ముక్కలు తీసుకోవాలి. 20 సెకన్ల స్థిరమైన క్రూజ్‌లో అలాంటివి 100 వస్తాయి, అప్పుడు ర్యాండమ్ ఎర్రర్ సుమారు 10 శాతం. 2 సెకన్లే ఉంటే 10 ముక్కలు, ఎర్రర్ 32 శాతం. పైలట్‌ని ఒక్కో వేగంలో, ఒక్కో ఎత్తులో అర నిమిషం పాటు కదలకుండా పట్టుకోమని టెస్ట్ కార్డ్‌లో ముందే రాయించుకోండి. తర్వాత అడిగితే దొరకదు.

టేకాఫ్ లాంటి గబగబా మారే దశలని మొత్తం ఫ్లైట్‌తో కలిపి సగటు చేయొద్దు. ఒక సెకను నిడివి ముక్కని సగం సగం ముందుకి జరుపుతూ లెక్కించి, ఒక్కో ఫ్రీక్వెన్సీలో వచ్చిన గరిష్ఠాన్ని తీసుకోండి.

ఐదు కొలతలు ఉన్నాయి. వాటిలో పెద్దది తీసుకుంటే చాలదా?

చాలదు. అంకెలతో చూద్దాం. ఒక జోన్‌లో 200 హెర్ట్జ్ దగ్గర ఐదు సెన్సర్లు ఇలా చెప్పాయనుకోండి: హెర్ట్జ్‌కి 0.002, 0.003, 0.004, 0.005, 0.008 జీ స్క్వేర్ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం). ఇలాంటి విలువలు మామూలు స్కేల్ మీద కన్నా డీబీలో చూస్తే నార్మల్ పంపకానికి దగ్గరగా ఉంటాయి. డీబీలోకి మారిస్తే సగటు మైనస్ 24.0, స్టాండర్డ్ డీవియేషన్ 2.3.

మనకి కావలసింది పీ95/50 అనే పరిమితి: నూటికి 95 చోట్లని దాటనివ్వని లెవెల్, 50 శాతం నమ్మకంతో. ఐదు కొలతలకి గుణకం సుమారు 1.78. దాన్ని 2.3తో గుణిస్తే దాదాపు 4 డీబీ. సగటుకి కలిపితే మైనస్ 20 డీబీ, అంటే 0.01. కొలిచిన వాటిలో పెద్దదైన 0.008 కన్నా ఎక్కువే వచ్చింది. ఐదుచోట్ల కొలిస్తే అన్నిటికన్నా తీవ్రమైన చోటే మన సెన్సర్ కింద ఉండాలని నియమం లేదు కదా. ఆ కొలవని చోటు కోసం కలుపుతున్నదే ఈ తేడా.

కొలతలు మూడే అయితే గుణకం 1.94 అవుతుంది. ఎన్ని ఎక్కువ కొలిస్తే అంతగా 1.645 వైపు దిగుతుంది. 90 శాతం నమ్మకం కావాలంటే మాత్రం తక్కువ కొలతలకి భారీ శిక్ష పడుతుంది: ఐదింటికి గుణకం 3.4. ప్రోగ్రామ్ మేనేజర్ సెన్సర్లు తగ్గించమన్నప్పుడు చూపించాల్సిన పట్టిక ఇదే. తగ్గించిన ప్రతి సెన్సర్‌కీ బదులుగా టెస్ట్ లెవెల్ పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. వేర్వేరు జోన్ల కొలతలని ఒకే గంపలో వేయకండి. ముక్కు దగ్గరవీ, తోక దగ్గరవీ కలిపితే డీవియేషన్ ఉబ్బిపోయి, ఏ చోటుకీ చెందని లెవెల్ వస్తుంది.

కొలిచిన ఫ్లైట్ కన్నా కిందగానో, వేగంగానో ఎగరాల్సి వస్తే?

గాలి వల్ల వచ్చే వైబ్రేషన్, వేగంతో కొట్టే గాలి ఒత్తిడిని, అంటే డైనమిక్ ప్రెషర్‌ని బట్టి పెరుగుతుంది. ఆర్ఎంఎస్ విలువ (కుదుపు మొత్తం తీవ్రతకి ఒక రకం సగటు) దాదాపు దానితో సమంగా, పీఎస్‌డీ దాని వర్గంతో. మాక్ 0.8 వేగంలో (ధ్వని వేగంలో 0.8 వంతు) 40,000 అడుగుల దగ్గర డైనమిక్ ప్రెషర్ సుమారు 8.4 కిలోపాస్కల్స్. అదే మాక్‌లో 20,000 అడుగులకి దిగితే సుమారు 20.9. దాదాపు రెండున్నర రెట్లు. పీఎస్‌డీ ఆరు రెట్లు పెరుగుతుంది, అంటే 8 డీబీ. పై ఉదాహరణలో 0.01 కాస్తా 0.06 అవుతుంది. స్పీడోమీటర్‌లో మాక్ సంఖ్య మారనే లేదు!

అందుకే "మాక్ 0.8లో కొలిచాం" అని మాత్రమే రాసిన రిపోర్ట్ నాకు సగం రిపోర్ట్. ఎత్తు, డైనమిక్ ప్రెషర్ పక్కనే ఉండాలి.

ఈ లెక్కకీ హద్దులున్నాయి. ధ్వని వేగానికి దగ్గరవుతున్నప్పుడు షాక్ తరంగాలు పుట్టి ప్రవాహం స్వభావమే మారిపోతుంది. అక్కడ వర్గం లెక్క పెట్టి ముందుకి పోవద్దు, కొలవాలి. ధ్వని కన్నా ఎన్నో రెట్ల వేగం కోసం నాసా చేసిన ఎక్స్-43ఏ ప్రయోగ వాహనాన్ని 2001 జూన్ 2న మోసిన పెగాసస్ బూస్టర్, మామూలుగా వదిలే ఎత్తు కన్నా బాగా దిగువన విడిపోయి కొన్ని సెకన్లకే అదుపు తప్పింది. అది క్యాప్టివ్ వైబ్రేషన్ వల్ల జరిగింది కాదు. ఆ ఫ్లైట్ మార్గానికి కంట్రోల్ సిస్టమ్ చాలకపోవడం, మార్జిన్ ఎక్కువని చూపించిన లెక్కల నమూనాలు కారణమని విచారణలో తేలింది. 2004లో రెండుసార్లూ 40,000 అడుగుల దగ్గర వదిలి విజయం సాధించారు. తెలిసిన ఎత్తు నుంచి తెలియని ఎత్తుకి లెక్కలతో దిగేటప్పుడు నాకు ఎప్పుడూ ఆ ఫ్లైట్ గుర్తొస్తుంది.

గరుకైన స్పెక్ట్రమ్ మీద తిన్నటి గీతలు ఎలా గీయాలి?

శిఖరాలని తాకుతూ, లోయలని నింపుతూ గీసే ఎన్వలప్ ఇది. ఒక్కో సన్నటి శిఖరం కోసం గీతని మొత్తంగా పైకి లేపితే ఆర్ఎంఎస్ అనవసరంగా పెరుగుతుంది. ముందు ఆ శిఖరం ఎవరిదో కనుక్కోండి: పంప్‌దా, స్థానిక రేకుదా, వాహనం మొత్తంగా ఊగే తీరుదా (మోడ్)? కారణం తెలిసిన శిఖరానికి విడిగా సన్నటి మెట్టు ఇవ్వొచ్చు. ఇద్దరు ఇంజనీర్లకి ఒకే డేటా ఇస్తే రెండు గీతలు వస్తాయి. అందుకే గీసిన గీతతో పాటు కింద అసలు డేటా కూడా కనిపించేలా గ్రాఫ్ ఇవ్వండి.

దాని మీద మార్జిన్ ఎంత?

నాసా పద్ధతిలో పీ95/50 లెవెల్‌కి క్వాలిఫికేషన్ కోసం 3 డీబీ కలుపుతారు. అంటే పీఎస్‌డీ రెట్టింపు, ఆర్ఎంఎస్ 1.41 రెట్లు. ఎత్తు మారలేదనుకుంటే మన 0.01 ఇప్పుడు 0.02 అయింది. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు ఉంది. స్ట్రక్చర్ వాళ్లు కాస్త కలుపుతారు, సిస్టమ్స్ వాళ్లు ఇంకాస్త, చివర టెస్ట్ వాళ్లు ఇంకాస్త. ఎవరూ ఎవరికీ చెప్పరు. 3 డీబీ మూడుచోట్ల పడితే పీఎస్‌డీ 8 రెట్లు! మార్జిన్ ఒకే చోట, పేరు పెట్టి కలపాలి.

పది గంటల క్యాప్టివ్ ఫ్లైట్‌ని టేబుల్ మీద పది గంటలు నడపాలా?

అవసరం లేదు. లెవెల్ పెంచి సమయం తగ్గించవచ్చు. వాడుకలో ఉన్న ఒక నియమం ప్రకారం అలసట పీఎస్‌డీ నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పది గంటలని ఒక గంటకి కుదించాలంటే పీఎస్‌డీని 1.78 రెట్లు, అంటే 2.5 డీబీ పెంచాలి. 3 డీబీ పెంచితే ఒక గంట పదహారు గంటలకి సమానం.

ఆ ఘాతం పదార్థాన్ని బట్టి, జాయింట్‌ని బట్టి మారుతుంది. రబ్బరు మౌంట్లకీ, రాపిడితో అరిగే వాటికీ ఈ లెక్క నప్పదు. నేను 3 డీబీ దాటి కుదించడానికి ఒప్పుకోను. లెవెల్ మరీ పెంచితే ఫ్లైట్‌లో ఎన్నడూ తగలని రెండు భాగాలు టేబుల్ మీద ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అప్పుడు మీరు పరీక్షిస్తున్నది వేరే పరికరాన్ని. కాలం తగ్గించడానికి పెంచిన ఈ లెవెల్‌లో పరికరం సరిగా పనిచేయాలని కూడా అడగొద్దు. పనితీరుని అసలు లెవెల్‌లో విడిగా చూడండి.

ఫ్లైట్ డేటా చాలా తక్కువ వచ్చింది. టెస్ట్ లెవెల్ తగ్గించేయొచ్చా?

కొంతవరకే. వైబ్రేషన్ టెస్ట్ ఇంకో పని కూడా చేస్తుంది: సరిగా పడని సోల్డర్, బిగించని స్క్రూ, లోపల మిగిలిపోయిన లోహపు ముక్క లాంటివి బయటపెడుతుంది. అందుకే నాసా స్టాండర్డ్ 7001లో చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలకి కనీస వర్క్‌మన్‌షిప్ లెవెల్ ఉంది. 80 నుంచి 500 హెర్ట్జ్ మధ్య హెర్ట్జ్‌కి 0.04 జీ స్క్వేర్, 20 నుంచి 2,000 హెర్ట్జ్ వరకు కలిపితే 6.8 జీ ఆర్ఎంఎస్. మన ఉదాహరణలోని 0.02 దీనికి సగమే. కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీల్లో ఎలక్ట్రానిక్ పెట్టెకి లెవెల్ నిర్ణయించేది ఫ్లైట్ కాదు, వర్క్‌మన్‌షిప్. సున్నితమైన అద్దాలు, సెన్సర్లు ఉన్న పరికరాలకి ఇది వర్తిస్తుందా అని ఒక్కొక్కటిగా ఆలోచించాలి.

"ఫ్లైట్‌లో ఇలా విరగదు, మీ టేబుల్ వల్లే విరిగింది" అని డిజైనర్ అంటే?

చాలాసార్లు అతను చెప్పేది నిజమే, ముఖ్యంగా బరువైన పరికరాల విషయంలో. ఫ్లైట్‌లో పరికరం తన రెజొనెన్స్ (తనంతట ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర ఊగినప్పుడు కింద ఉన్న స్ట్రక్చర్‌ని కూడా అదుపు చేస్తుంది, అక్కడ కదలిక తగ్గుతుంది. షేకర్ టేబుల్ బండరాయి లాంటిది, తగ్గదు. ఎంత బలం కావాలంటే అంత పెట్టి గీతని నిలబెడుతుంది. పైగా మనం ఎన్వలప్ గీసినప్పుడు ఆ లోయని నింపేశాం. దీనికి మందు ఫోర్స్ లిమిటింగ్: ఫిక్స్చర్‌కీ పరికరానికీ మధ్య ఫోర్స్ సెన్సర్లు పెట్టి, బలం హద్దు దాటితే ఆ ఫ్రీక్వెన్సీలో లెవెల్ తగ్గించడం. శనికి వెళ్లిన కస్సీని వ్యోమనౌకకి కూడా ఈ పద్ధతి వాడారు. ఇది లేకుండా, విరిగిందని నోటిమాటగా లెవెల్ తగ్గించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

వాహనాన్ని వదిలే క్షణం సంగతి?

అది ర్యాండమ్ వైబ్రేషన్ (క్రమం లేకుండా అన్ని ఫ్రీక్వెన్సీల్లో సాగే కుదుపు) కాదు, పీఎస్‌డీలో ఇరికించకండి. హుక్కు తెరుచుకోగానే అప్పటిదాకా వంగి ఉన్న వాహనం ఒక్కసారిగా వదిలిన విల్లులా ఊగుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో దాన్ని లోడ్స్ లెక్కల్లో చూడాలి. హుక్కు దగ్గరి పదునైన దెబ్బకి షాక్ రెస్పాన్స్ స్పెక్ట్రమ్ (దెబ్బకి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం గరిష్ఠంగా ఎంత స్పందిస్తుందో చూపే గీత) వాడాలి.

హెలికాప్టర్ మోస్తే?

ర్యాండమ్ మీద స్పష్టమైన స్వరాలు వచ్చి చేరతాయి. చినూక్ రోటర్ నిమిషానికి 225 సార్లు తిరుగుతుంది, అంటే 3.75 హెర్ట్జ్. మూడు రెక్కలు కాబట్టి 11.25 హెర్ట్జ్, దాని గుణిజాలు ముఖ్యం. ఇస్రో 2023 ఏప్రిల్ 2న చిత్రదుర్గ దగ్గర పునర్వినియోగ వాహనాన్ని చినూక్ కిందే సుమారు 4.5 కిలోమీటర్ల ఎత్తుకి చేర్చి వదిలింది. ఇలాంటి స్వరాల ఎత్తుని పీఎస్‌డీలో చదవకూడదు. రెజల్యూషన్‌ని 5 హెర్ట్జ్ నుంచి 2.5కి, అంటే సగం చేస్తే స్వరం ఎత్తు రెట్టింపు కనిపిస్తుంది, కుదుపు మాత్రం అంతే. వాటిని విడదీసి సైన్‌గా (ఒకే ఫ్రీక్వెన్సీ ఊపుగా), మిగిలింది ర్యాండమ్‌గా ఇవ్వాలి.

విమానం అదే, పైలాన్ మాత్రం మారింది. పాత డేటా చెల్లుతుందా?

తక్కువ ఫ్రీక్వెన్సీలకి చెల్లదనే అనుకోండి, దారి మారింది కాబట్టి. పై ఫ్రీక్వెన్సీలకి, వాహనం బయటి ఆకారం, చుట్టూ ప్రవాహం మారకపోతే చెల్లొచ్చు. ఆకారంలో చిన్న మార్పుకి ఎంత తేడా వస్తుందో ఎంటర్‌ప్రైజ్ దగ్గర చూడొచ్చు. షటిల్ వెనక మొండి భాగం నుంచి వచ్చే అల్లకల్లోలం 747 తోకని కొట్టకుండా ఒక టెయిల్ కోన్ తొడిగారు. దాన్ని తీసి ఎగిరింది 747 నుంచి విడిపోయి ఎగిరిన చివరి రెండు ఫ్రీ ఫ్లైట్లలోనే. మార్పు జరిగాక మళ్లీ కొలవడానికి పూర్తి సెట్ అక్కర్లేదు. పాత చోట్లలోనే నాలుగైదు సెన్సర్లు, అవే వేగాలు, అవే ఎత్తులు. పాత గీతల పక్కన పెట్టి చూస్తే ఏ ఫ్రీక్వెన్సీ దాకా పాత డేటాని ఉంచుకోవచ్చో ఒక్క ఫ్లైట్‌తో తేలిపోతుంది.